వెన్నంటిన మాట

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చిన నామవాచకాలకు లెక్క లేదు. బస్సు, రైలు, బెంచి, పెన్ను వంటివి తమతోపాటు కొత్త వస్తువులను తెచ్చాయి కనుక వాటికి ఇక్కడ చోటు దొరకడం సహజం. క్రియల సంగతి వేరు. నడవడం, చూడటం, వినడం, అర్థం చేసుకోవడం మనిషికి కొత్త కావు. వాటిని చెప్పే మాటలు ఏ భాషలోనైనా ముందే ఉంటాయి. అయినా కొన్ని ఇంగ్లీషు క్రియలు తెలుగువారి నోట స్థిరపడ్డాయి. వాటిలో 'ఫాలో' ఒకటి. వైద్యుడు చెప్పిన పథ్యాన్ని ఫాలో అవుతారు, క్రికెట్ ఆటను ఫాలో అవుతారు, నాయకుణ్ణి ఫాలో అవుతారు, ముందు వెళ్తున్న ఆటోను ఫాలో అవుతారు. తరగతిలో అధ్యాపకుడు 'ఫాలో అవుతున్నారా?' అని అడిగితే విద్యార్థులందరూ ఒక్క గొంతుతో 'ఫాలో అవుతున్నాం సార్' అంటారు. ఆ జవాబుకు అర్థమేమిటో మాత్రం అడిగినవారికీ తెలియదు, చెప్పినవారికీ తెలియదు. పరభాషాపదం వచ్చి చేరినందుకు చింతించనక్కరలేదు. వచ్చిన మాట ఏయే పనులను ఒకే గాటన కట్టివేస్తున్నదో గమనించకపోవడమే చిక్కు. అందుకే ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు ఒకసారి పరిశీలించదగినవి.

'ఫాలో' ఇంగ్లీషు భాషకు సొంత మాట; లాటిన్ నుంచో ఫ్రెంచి నుంచో తెచ్చుకున్నది కాదు. పాత ఇంగ్లీషులో దీనికి 'ఫోల్గియన్', 'ఫిల్గన్' అనే రూపాలుండేవి. జర్మన్‌లో 'ఫోల్గెన్', డచ్చి భాషలో 'ఫోల్హెన్', స్వీడిష్‌లో 'ఫోల్యా' దీనికి తోబుట్టువులు. ఐదో శతాబ్ది నుంచి ఆంగ్లులు, శాక్సన్లు సముద్రం దాటి బ్రిటన్ చేరినప్పుడు తమ వెంట తెచ్చుకున్న మాటల్లో ఇదొకటి. దీని మూలధాతువు ఏదన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. 'నిండు' అనే అర్థమున్న మాట, 'వెళ్ళు' అనే అర్థమున్న మాట కలిసి ఇది ఏర్పడిందని కొందరు ఊహించారు. ఆ ఊహ నిజమైతే చివరిదాకా వెళ్ళేవాడే అనుచరుడన్నమాట. వినడానికి సొంపుగానే ఉంది గాని, సొంపుగా ఉన్న వ్యుత్పత్తులన్నీ నిజాలు కావని నిఘంటుకారులు అనుభవం మీద నేర్చుకున్నారు.

వ్యుత్పత్తి కన్నా ప్రయోగం గట్టి సాక్ష్యం. పాత ఇంగ్లీషులో ఈ క్రియ నుంచి పుట్టిన 'ఫోల్గోథ్' అనే నామవాచకం ఉండేది. పరివారం, కొలువు, ఉద్యోగం అని దాని అర్థాలు. ఒక ప్రభువును ఆశ్రయించి, అతని వెంట యుద్ధానికి వెళ్ళి, అతని పంక్తిలో భోజనం చేసేవాడి బతుకే ఫోల్గోథ్. కనుక ఆనాటి ఆంగ్లేయుడి దృష్టిలో వెంట నడవడమంటే కేవలం కాళ్ళకు సంబంధించిన పని కాదు. ఒకరికి కట్టుబడి ఉండటం. క్రీస్తు తన శిష్యులను పిలిచిన సందర్భాలను పాత ఇంగ్లీషులోకి అనువదించినవారు ఈ క్రియనే వాడారు. శిష్యత్వమనే అర్థం అలా బలపడింది.

ఉత్తర ఐరోపాలోని నార్స్ భాషలో దీనికి చుట్టమైన 'ఫిల్గ్యా' అనే మాట ఇంకా విచిత్రమైనది. ప్రతి మనిషినీ కంటికి కనబడకుండా అంటిపెట్టుకొని ఉండే ఒక ఆత్మ, ఒక రక్షకశక్తి ఉంటుందని ఆ ప్రజలు నమ్మేవారు. అది ఒక్కోసారి జంతువు రూపంలోనో, స్త్రీ రూపంలోనో కలలో కనిపిస్తుందట. దాని పేరు ఫిల్గ్యా. శిశువు పుట్టిన తరువాత వెలువడే మావికి కూడా అదే పేరు. బిడ్డ వెనుకనే వచ్చేది మావి. మనిషి వెనుకనే ఉండేది రక్షకశక్తి. తోడ పుట్టినవారిని 'తోబుట్టువు' అని పిలిచే తెలుగువారికి ఈ ఊహ అంత దూరమైనదిగా తోచదు.

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించారు. అప్పటి నుంచి రాజసభలో, న్యాయస్థానంలో ఫ్రెంచి భాష పెత్తనం సాగింది. వెంట నడవడమనే అర్థంలోనే లాటిన్ వంశానికి చెందిన మాటల గుంపు ఒకటి ఇంగ్లీషులో ప్రవేశించింది. లాటిన్‌లో 'సెక్వి' అంటే వెంట వెళ్ళడం. అది ఫ్రెంచి గుండా వచ్చి 'సూ' అయింది, అంటే దావా వేయడం. 'సూట్' అయింది. న్యాయస్థానంలో నడిచే సివిల్ సూటుకూ పెళ్ళికొడుకు తొడుక్కునే సూటుకూ పుట్టిల్లు ఒక్కటే: మొదటిది ప్రతివాదిని వెంబడించడం, రెండోది ఒకదానికొకటి తోడుగా ధరించే దుస్తులు. 'పర్స్యూ' అంటే పట్టుదలతో వెంబడించడం. 'ప్రాసిక్యూట్' అంటే నేరస్థుణ్ణి చట్టప్రకారం వెంబడించడం. 'పర్సిక్యూట్' అంటే వేటాడి హింసించడం. చలనచిత్రాల ప్రకటనలలో కనిపించే 'సీక్వెల్' కూడా ఈ కుటుంబంలోదే. చివరకు గడియారంలోని 'సెకండు' సైతం అంతే: 'సెకుందుస్' అంటే వెనుక వచ్చేది, కనుక రెండోది. గంటను అరవై భాగాలు చేయగా వచ్చినది మొదటి విభజన. దాన్ని తిరిగి అరవై చేయగా వచ్చినది రెండో విభజన.

ఇన్ని మాటలు వచ్చి పడినా 'ఫాలో' చెక్కుచెదరలేదు. కొత్తగా వచ్చినవారు బరువైన పనులను పంచుకున్నారు. దావాలు, విచారణలు, వేట వారి పాలయ్యాయి. పాత మాట నిత్యజీవితంలో మిగిలిపోయింది. ఇంగ్లీషువాడు ఫాలో అనే మాటను ఇన్ని అర్థాలలో వాడగలగడానికి కారణం ఇదే. దాని పక్కన కనీసం పది మాటలు కాపలా కాస్తున్నాయి. ఎక్కడ ఆ మాట చాలదో అక్కడ మరో మాట అందుకుంటుంది. తెలుగులోకి మాత్రం ఆ పరివారం రాలేదు. 'ఫాలో' ఒక్కటే వచ్చింది.

ఇక్కడ సంస్కృతం ప్రసక్తి వస్తుంది. 1786లో సర్ విలియం జోన్స్ కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీలో ప్రసంగిస్తూ సంస్కృతానికి, గ్రీకుకు, లాటిన్‌కు ఒకే మూలం ఉండి తీరాలని ప్రతిపాదించాడు. లాటిన్ 'సెక్వి'కి సంస్కృతంలో దాయాది 'సచ్' ధాతువు. తోడుగా ఉండటం, వెంట ఉండటం అని దాని అర్థం. వేదభాషలో విరివిగా కనిపించే ఈ ధాతువు తరువాతి కాలంలో క్రియగా వాడుక తప్పింది. కాని దాని సంతానం నేటికీ తెలుగులో సజీవంగా ఉంది. రాజుకు తోడుగా ఉండేవాడు సచివుడు. అతని పేరు మీదనే సచివాలయం. లాటిన్‌లో సహచరుణ్ణి 'సోకియుస్' అంటారు. సొసైటీ, సోషల్ అనే మాటలు దాని నుంచి వచ్చినవే. ఆ మాటకు సంస్కృతంలో సరితూగేది 'సఖా' అని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. అంటే సచివుడు, సఖుడు, గడియారంలోని సెకండు - ఈ మూడూ ఒకే తల్లి బిడ్డలు. వివాహంలో సప్తపది ఉంది. వధూవరులు ఏడడుగులు కలిసి నడిచాక వరుడు వధువును సఖి అని సంబోధిస్తాడు. వెంట నడిచినవారే స్నేహితులు అనే ప్రాచీన భావన ధాతువులోనూ ఉంది, ఆచారంలోనూ ఉంది.

తెలుగు సంస్కృతజన్యం కాదని, దక్షిణాది భాషలు వేరే కుటుంబమని 1816లో ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ నిరూపించాడు. కనుక వెంట నడిచే పనికి తెలుగు తనదైన మాటలను వేరుగా కల్పించుకుంది. వాటికి పునాది శరీరంలోనే ఉంది: వెన్ను. తమిళంలో 'వెన్', కన్నడంలో 'బెన్ను' దీనికి సోదరపదాలు. వెనుక, వెంబడి, వెన్నంటు, వెన్నాడు - ఇవన్నీ ముందు నడిచేవాడి వీపును చూస్తూ పుట్టిన మాటలే. వెనుక నిలిచినవాడు ఏం చేస్తాడన్నది అతని బుద్ధిని బట్టి ఉంటుంది. అండగా నిలిస్తే వెన్నుదన్ను, ద్రోహం తలపెడితే వెన్నుపోటు. వెన్ను చూపినవాడికి రెండూ ఒకే వైపు నుంచి వస్తాయి. ఈ ఎరుక తెలుగు మాటల్లో ఎంత లోతుగా ఉందో చెప్పడానికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

సంస్కృతం నుంచి తీసుకున్న 'అనుసరించు' తీరు వేరు. దాని ధాతువు 'సృ'. జారడం, ప్రవహించడం అని అర్థం. నదిని సరిత్తు అనడం ఈ ధాతువు వల్లనే. అనుసరణలో నీటి నడక ఉంది: నీరు పల్లాన్ని బట్టి, గట్టును బట్టి సాగినట్లు ఒకదాన్ని బట్టి మరొకటి సాగడం. అందువల్లనే 'పరిస్థితిని అనుసరించి', 'శాస్త్రాన్ని అనుసరించి' అనే ప్రయోగాలు చక్కగా కుదిరాయి. దొంగను పోలీసులు 'అనుసరించారు' అని రాస్తే మాత్రం దొంగ చూపిన ఆదర్శంలో పోలీసులు నడిచారేమో అనిపిస్తుంది. దొంగను వెంబడిస్తారు, వెంటాడతారు. దూడ తల్లిని వెన్నంటి ఉంటుంది. నియమాలను పాటిస్తారు. మతాన్ని అవలంబిస్తారు. ఆచారాన్ని ఆచరిస్తారు. పెద్దల అడుగుజాడల్లో నడుస్తారు. వార్తలను గమనిస్తూ ఉంటారు. పాఠం బోధపడుతుంది. ఇంగ్లీషులో వీటన్నిటికీ 'ఫాలో' చాలవచ్చు. తెలుగులో ఒక్కొక్క పనికి ఒక్కొక్క క్రియ ఉంది. ఇంగ్లీషు మూలాన్ని ఎదురుగా పెట్టుకొని ప్రకటనలు తయారుచేసేవారు ఎక్కడ 'ఫాలో' కనిపించినా 'అనుసరించండి' అని రాసి చేతులు దులుపుకుంటారు. రహదారి పక్కన 'వేగనియమాలను అనుసరించండి' అన్న బోర్డు చదివినవాడికి తప్పు కనబడకపోవచ్చు. ఆ వాక్యం తెలుగువాడి నోట పుట్టింది కాదని మాత్రం చెవికి తెలిసిపోతుంది.

పారిభాషిక పదాల విషయంలో ఈ పట్టుదల అనవసరం. క్రికెట్‌లోని 'ఫాలో ఆన్' అటువంటిది. మొదట బ్యాటింగు చేసిన జట్టు ఐదు రోజుల టెస్టులో రెండు వందల పరుగులు లేదా అంతకు మించిన ఆధిక్యం సంపాదిస్తే, ఎదుటి జట్టును వెంటనే రెండో ఇన్నింగ్స్ ఆడమని కోరవచ్చు. ఒక ఇన్నింగ్స్ వెనుకనే మరొకటి వస్తుంది కనుక ఆ పేరు. 2001 మార్చిలో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాపై 274 పరుగులు వెనుకబడి ఫాలో ఆన్ ఆడిన భారతజట్టు, హైదరాబాదు ఆటగాడు వి.వి.ఎస్. లక్ష్మణ్ చేసిన 281 పరుగుల బలంతో, చివరకు 171 పరుగుల తేడాతో గెలిచింది. వెనుక నడవవలసి వచ్చినవాడు ముందు గమ్యం చేరిన సందర్భమది. ఆ ఆటను చెప్పేటప్పుడు 'ఫాలో ఆన్' అనకుండా మరో మాట వెతకడం వృథాశ్రమ.

అసలు చిక్కు 'అర్థమవడం' అనే భావంలో ఉంది. ఒకరి వాదాన్ని ఫాలో కావడమంటే, వారు ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు వెళుతుంటే మనస్సుతో ఆయా మెట్లు ఎక్కడం. 'ఇట్ ఫాలోస్' అని ఇంగ్లీషు తార్కికుడు అన్నప్పుడు, ముందు చెప్పిన వాక్యాల నుంచి ఈ వాక్యం తప్పనిసరిగా వెలువడుతుందని భావం. భారతీయ న్యాయశాస్త్రంలో దీనికి సాటి వచ్చే మాట 'అనుమానం'. 'అను' అంటే తరువాత, 'మానం' అంటే తెలుసుకునే సాధనం. కొండ మీద పొగ కనబడింది. పొగ ఉన్న చోట నిప్పు ఉంటుందని వంటింట్లో చూసిన అనుభవం ఉంది. కనుక కొండ మీద నిప్పు ఉంది. తెలుగువాడుగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తన 'తర్కసంగ్రహం'లో బాలురకు సైతం బోధపడేటట్లు వివరించిన ఉదాహరణ ఇది. ప్రత్యక్షం వెంట నడిచి వచ్చే నిశ్చయజ్ఞానం అనుమానం. అదే మాట తెలుగులో సందేహమనే అర్థానికి తిరిగింది. శాస్త్రంలో నిశ్చయం, వాడుకలో సంశయం! భాష చేసే ఇటువంటి గారడీలను చూసి నవ్వుకోవడమే తప్ప కాదనలేం. అయితే ఒక మేలు జరిగింది: తరగతిలో 'అనుమానాలుంటే అడగండి' అన్న మాటలో రెండు అర్థాలూ ఇముడుతాయి. ముందు మెట్టు గట్టిగా ఎక్కినవాడికే తరువాతి మెట్టు మీద సందేహం కలుగుతుంది.

'ఫాలో అవుతున్నాం' అన్న జవాబుకు ఆ పట్టు లేదు. బోర్డు మీద రాసినదాన్ని పొల్లు పోకుండా నోటుపుస్తకంలోకి ఎక్కించేవాడూ అదే అంటాడు. రాయడం ఆపి ఆలోచనలో పడినవాడూ అదే అంటాడు. మొదటివాడు వెంబడిస్తున్నాడు, రెండోవాడికి బోధపడుతోంది. ఈ రెండింటికీ తేడా పరీక్షగదిలో తప్ప బయటపడదు, అప్పటికి సమయం మించిపోతుంది. ఈ మాటకు తెలుగు తగిలించిన సహాయక్రియ కూడా గమనించదగినది. ఇష్టపూర్వకంగా చేసే పనులకు ఇంగ్లీషు క్రియ పక్కన తెలుగువారు సాధారణంగా 'చేయు' చేరుస్తారు: కట్ చేయు, డ్రైవ్ చేయు. తమ ప్రమేయం లేకుండా జరిగేవాటికి 'అవు' చేరుస్తారు: ఫెయిల్ అవు, లేట్ అవు. 'ఫాలో'కు ఎక్కువగా దక్కింది 'అవు'. వెంట నడవడం తాను పూనుకొని చేసే పని కాదు, తనకు జరిగిపోయేది అన్న భావన అందులో తెలియకుండానే దాగి ఉందేమో.

సామాజిక మాధ్యమాలు ఈ భావనకు కొత్త రూపం ఇచ్చాయి. 2004లో మొదలైన ఫేస్‌బుక్ తన సభ్యులను 'ఫ్రెండ్స్' అంది. అక్కడ స్నేహానికి ఇద్దరి అంగీకారం కావాలి. 2006లో మొదలై, 2023లో ఎక్స్ అని పేరు మార్చుకున్న ట్విట్టర్ 'ఫాలో' అనే మాటను ఎంచుకుంది. ఒకరు మీట నొక్కితే చాలు, రెండోవారికి ఆ మనిషి ఎవరో తెలియనక్కరలేదు. ఫోల్గోథ్ కాలంలో అనుచరుడు ప్రభువు కోసం ప్రాణం పెట్టేవాడు, ప్రభువు అతనికి తిండి పెట్టేవాడు. నేటి ఫాలోవరు కూర్చున్న చోటు నుంచి కదలడు. లక్షలమంది వెంట ఉన్నారనిపించుకున్నవాడు వెనుదిరిగి చూస్తే ఒక్క ముఖమూ కనబడదు. మాట అదే. నడక మాత్రం మాయమైంది.

వెంట నడవడంలోని భేదాలను తెలుగు కవులు ఎంత సూక్ష్మంగా ఎరుగుదురో భారతం చెబుతుంది. తిక్కన తెనిగించిన మహాప్రస్థానిక పర్వంలో పాండవులు ద్రౌపదితో కలిసి ఉత్తరదిశగా సాగిపోతుంటే ఒక కుక్క వారి వెంట పడుతుంది. దారిలో ఒక్కొక్కరే కూలిపోతారు. చివరికి ధర్మరాజు వెంట మిగిలినది అదొక్కటే. అది ఏమీ అడగదు, ఏమీ చెప్పదు. నమ్మి వెంట వచ్చినదాన్ని విడిచి స్వర్గానికి రానని ఆయన ఇంద్రుడి రథాన్నే కాదంటాడు. వెంట నడిచినవాడికే కాక, ముందు నడిచినవాడికీ బాధ్యత ఉందని ఆ కథ తెలిపినంత స్పష్టంగా ఏ నిఘంటువూ తెలపలేదు. ఆ కుక్క ధర్మదేవత అని తరువాత తెలుస్తుంది.

ఎర్రన పూరించిన అరణ్యపర్వంలో సావిత్రి నడక దీనికి భిన్నం. భర్త ప్రాణాలను తీసుకుపోతున్న యముడి వెంట ఆమె వెళుతుంది. మౌనంగా వెళ్ళదు. అతడు ఆగమన్నప్పుడల్లా ధర్మాన్ని గురించి ఒక మాట చెబుతుంది. కలిసి ఏడడుగులు నడిస్తే మైత్రి కలుగుతుందన్న పెద్దల మాటను గుర్తుచేసి, ఆ మైత్రిని పురస్కరించుకొనే అతనితో మాట్లాడతానంటుంది. యముడు ఆమె మాటకు మెచ్చి ఒక్కొక్క వరమే ఇస్తూ పోతాడు. మామగారి చూపు, ఆయన పోగొట్టుకున్న రాజ్యం, తండ్రికి సంతానం దక్కుతాయి. తనకు కొడుకులు కలగాలని ఆమె అడిగినప్పుడు సరేనంటాడు. భర్త బతకకుండా ఆ వరం ఎలా నెరవేరుతుందన్నది తరువాతి మెట్టు. ఆ మెట్టు దగ్గర యముడు ఆగిపోయాడు. ఆమె అతని వెంట నడిచినట్లే కనిపించింది గాని, నాలుగో వరం నుంచి ఆమె వాదం వెంట నడుస్తున్నది యముడే.